కాల్చినందుకు, వెంటాడనందుకు, కనబడనందుకు: అడ్మిరల్ సోమర్‌విల్ మీద మూడు నిందలు

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జరిగిన నష్టం కంటే పుట్టిన భయం పెద్దది. విశాఖ మొదలు మద్రాసు దాకా కోస్తా పట్టణాల జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. అప్పటికే సింగపూర్ పోయింది, రంగూన్ పోయింది, అండమాన్ దీవులూ పోయాయి. ఢిల్లీలో క్రిప్స్ రాయబారం నడుస్తోంది. ఈ సముద్రాలన్నీ మావేనని తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన బ్రిటిష్ నౌకాదళానికి ఆ రోజు బంగాళాఖాతంలో ఒక్క పెద్ద యుద్ధనౌక కూడా లేదు.

ఆ నౌకాదళానికి అధిపతి సర్ జేమ్స్ సోమర్‌విల్. ఆ రోజు ఆయన సింహళానికి దక్షిణాన చాలా దూరంలో, అంతకు ముందురోజు మునిగిన రెండు క్రూయిజర్ల నావికులను నీళ్లలోంచి పైకి తీయిస్తున్నాడు. తన కంటే ఎంతో బలమైన శత్రువు ఏ దిక్కున ఉన్నాడో తెలియక సతమతమవుతున్నాడు. తీరాన్ని గాలికొదిలేసి పారిపోయాడని ఆయన మీద నింద పడింది. అంతకు రెండేళ్ల ముందు ఫ్రెంచివాళ్లు ఆయనను హంతకుడన్నారు. మధ్యలో సొంత ప్రధాని చర్చిల్‌కే ఆయనలో పోరాడే తెగువ ఉందా అన్న అనుమానం వచ్చింది. కనికరం లేనివాడు, పిరికివాడు, బాధ్యత వదిలేసినవాడు: ఈ మూడూ ఒకే మనిషికి అతకవు. అందుకే ఒక్కొక్క నిందనూ విడదీసి చూడాలి.

సోమర్‌విల్ 1882 జులైలో ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో పుట్టాడు. పదిహేనో ఏట నౌకాదళంలో చేరాడు. వైర్‌లెస్ అప్పుడప్పుడే ఓడల మీదికి ఎక్కుతున్న రోజుల్లో దాన్ని పట్టుకుని నిపుణుడయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని గలిపొలి దగ్గర చేసిన పనికి పతకం అందుకున్నాడు, తర్వాత బ్రిటిష్ నౌకాదళ ప్రధాన కార్యాలయమైన అడ్మిరల్టీలో సమాచార విభాగానికి అధిపతిగా పనిచేశాడు. ఫిరంగులే నౌకాదళానికి ప్రాణమని నమ్మిన తరం ఆయనది. ఆ తరంలో తీగలు, తరంగాలు, యంత్రాల గురించి ఇంత ఆసక్తి ఉన్న అడ్మిరల్‌లు తక్కువ. తర్వాతి కాలంలో యాభై దాటిన వయసులోనూ విమానవాహక నౌక మీది నుంచి కుర్ర పైలట్ల వెనక సీటులో కూర్చుని ఎగిరేవాడు. వాళ్లు ఏం చేయగలరో, ఏం చేయలేరో కళ్లారా చూడాలన్నది ఆయన పట్టుదల. నోరు మాత్రం కాస్త మోటు. ఆయన హాస్యంలో సగం అచ్చు వేయదగ్గది కాదు.

1938లో ఈస్ట్ ఇండీస్ నౌకాదళానికి అధిపతిగా హిందూ మహాసముద్రానికి వచ్చాడు. అక్కడే క్షయ అనుమానం బయటపడింది. నౌకాదళ వైద్యులు ఇక చాలన్నారు. బయటి నిపుణులు ఆరోగ్యం బాగానే ఉందన్నా అడ్మిరల్టీ వినలేదు. 1939లో, సరిగ్గా యుద్ధం ముంచుకొస్తున్న వేళ, ఉద్యోగ విరమణ చేయించింది. యుద్ధం మొదలయ్యాక ఆయనను వదులుకోలేక మళ్లీ పిలిచి ఓడల రాడార్ పని అప్పగించింది. కాబట్టి ఆ తర్వాత ఆయన నడిపిన యుద్ధాల్లో చాలా భాగం కాగితాల మీద ఒక రిటైరైన అధికారి నడిపినవే! 1940 మే నెలలో డంకిర్క్ నుంచి సైన్యాన్ని వెనక్కి తెచ్చే పనిలో అడ్మిరల్ రామ్సేకు అండగా నిలిచాడు. జూన్ చివర్లో జిబ్రాల్టర్ కేంద్రంగా కొత్తగా ఏర్పడిన 'ఫోర్స్ ఎచ్' దళం ఆయన చేతికొచ్చింది. దానితోపాటే మొదటి పనీ వచ్చింది. అలాంటి పని ఏ అధికారికీ రాకూడదు.

ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయింది. ఆ దేశపు నౌకాదళం చెక్కుచెదరకుండా ఉంది. ఒప్పందం ప్రకారం ఆ ఓడలు జర్మన్, ఇటాలియన్ పర్యవేక్షణలో నిరాయుధం కావాలి. వాటిని వాడుకోబోమని హిట్లర్ మాట ఇచ్చాడు, కానీ హిట్లర్ మాటను నమ్మేవాళ్లు లండన్‌లో లేరు. శత్రువుకు చిక్కే పరిస్థితి వస్తే ఓడలను తామే ముంచుకుంటామని ఫ్రెంచి నౌకాదళాధిపతి డార్లాన్ హామీ ఇచ్చాడు. ఆ హామీ మీద ఒక దేశపు భవిష్యత్తును పందెం కాయడానికి చర్చిల్ సిద్ధంగా లేడు. అల్జీరియా తీరంలో ఓరాన్ పక్కనున్న మెర్సెల్‌కెబీర్ రేవులో డంకెర్క్, స్ట్రాస్‌బూర్ అనే కొత్త యుద్ధనౌకలు, బ్రెటాన్, ప్రొవాన్స్ అనే పాతవి, కొన్ని డిస్ట్రాయర్లు లంగరు వేసి ఉన్నాయి. వాటి అధిపతి అడ్మిరల్ జాన్సూల్ ముందు సోమర్‌విల్ పెట్టాల్సిన షరతులు ఇవి: మాతో కలిసి పోరాడండి, లేదా తక్కువ సిబ్బందితో బ్రిటిష్ రేవుకు రండి, లేదా కరీబియన్‌లోని ఫ్రెంచి దీవులకు పోయి ఆయుధాలు దించుకోండి, అదీ కాదంటే ఆరు గంటల్లో మీ ఓడలు మీరే ముంచుకోండి. ఏదీ కుదరకపోతే మేం కాలుస్తాం.

పని మొదలు కాకముందే సోమర్‌విల్ అభ్యంతరం చెప్పాడు. జిబ్రాల్టర్‌లోని అడ్మిరల్ నార్త్‌దీ, రాయబారానికి వెళ్లబోయే కెప్టెన్ హాలండ్‌దీ అదే మాట. నిన్నటిదాకా భుజం కలిపి పోరాడినవాళ్ల మీద ఫిరంగి ఎక్కుపెడితే ఫ్రెంచివాళ్లందరూ శత్రువులైపోతారని లండన్‌కు రాశాడు. జవాబు క్లుప్తంగా వచ్చింది: షరతులు ఒప్పుకోకపోతే ఓడలను ధ్వంసం చేయాల్సిందే. జులై 2 రాత్రి మరో సందేశం వచ్చింది. ఇంత కష్టమైన, ఇంత మనసొప్పని పని బ్రిటిష్ అడ్మిరల్‌కు ఇంతకు ముందు పడలేదని ఒప్పుకుంటూనే, దాక్షిణ్యం లేకుండా పూర్తిచేయమని అందులో ఉంది.

జులై 3న జరిగింది చూస్తే ఒక చర్చ ఎలా చెడిపోతుందో అర్థమవుతుంది. హాలండ్ చక్కటి ఫ్రెంచి మాట్లాడతాడు, పారిస్‌లో దౌత్య ఉద్యోగం చేసినవాడు. ఈ పనికి అంతకన్నా తగినవాడు దొరకడని సోమర్‌విల్ అనుకున్నాడు. అడ్మిరల్‌నైన నా దగ్గరికి కెప్టెన్‌ను పంపుతారా అని జాన్సూల్ ముఖం చాటేశాడు. ఉదయమంతా కాగితాలు, దూతలతోనే గడిచిపోయింది. జాన్సూల్ తన పైవాళ్లకు పంపిన మొదటి కబురులో కరీబియన్ దీవుల ప్రస్తావన లేదు. ముంచుకోండి, లేదంటే కాలుస్తామంటున్నారన్న అర్థమే అక్కడికి చేరింది. మధ్యాహ్నం బ్రిటిష్ విమానాలు రేవు ముఖద్వారం దగ్గర మందుపాతరలు జారవిడిచాయి. మాటలు సాగుతుండగా ఆ పని చేయడం జాన్సూల్‌కు మరింత మంట పెట్టింది. సోమర్‌విల్ గడువు ఒకసారి పొడిగించాడు. సాయంత్రం నాలుగు దాటాక జాన్సూల్ చివరికి హాలండ్‌ను తన ఓడ మీదికి రానిచ్చాడు. ముప్పు వస్తే ఓడలను అమెరికాకు తరలించాలనో ముంచుకోవాలనో డార్లాన్ ముందే ఇచ్చిన రహస్య ఆదేశాన్ని చూపించాడు. ఇద్దరి మధ్య దూరం నిజానికి అప్పటికి చాలా తగ్గింది. కానీ ఫ్రెంచి సహాయక దళాలు బయలుదేరాయన్న సంకేతాలను లండన్ పట్టేసింది. త్వరగా తేల్చమని, లేదంటే కొత్తగా వచ్చేవాళ్లతోనూ పోరాడాల్సి వస్తుందని హెచ్చరించింది. ఆరు కావస్తుండగా ఫిరంగులు పేలాయి.

పది నిమిషాలు. లంగరు వేసి, కదలడానికి చోటులేని ఓడల మీద. బ్రెటాన్ పేలి తలకిందులైంది, ఆ ఒక్క ఓడలోనే 977 మంది పోయారు. మూడు రోజుల తర్వాత డంకెర్క్ మీద జరిగిన విమానదాడితో కలిపి చనిపోయిన ఫ్రెంచి నావికులు 1,297 మంది. స్ట్రాస్‌బూర్ మాత్రం పొగలోంచి తప్పించుకుని తూలోన్ చేరింది. పార్లమెంటులో చర్చిల్‌కు చప్పట్లు మోగాయి. సోమర్‌విల్ భార్యకు రాసిన ఉత్తరంలో ఇది ఈ కాలపు అతిపెద్ద రాజకీయ తప్పిదమనీ, తామందరం సిగ్గుతో తలదించుకున్నామనీ రాశాడు. స్ట్రాస్‌బూర్ తప్పించుకోవడం గురించి మాత్రం ఆయన పెద్దగా సాకులు వెతకలేదు. మనసు లేని పని చేస్తూ కన్ను సరిగ్గా వేయలేదన్న భావం ఆయన రాతల్లో కనిపిస్తుంది.

తీర్పు? 1942 నవంబరు 27న జర్మన్ సేనలు తూలోన్‌లోకి చొరబడినప్పుడు ఫ్రెంచివాళ్లు తమ ఓడలను తామే ముంచుకున్నారు. అంటే డార్లాన్ ఇచ్చిన మాట నిలబడింది. ఈ సంగతి చూపించి 1940 నాటి దాడిని వృథా హత్యాకాండ అనడం తేలిక. 1940 జులైలో లండన్‌లో కూర్చున్నవాడికి 1942 నవంబరు తెలియదు. నా లెక్కలో ఆ రోజు నేరం, అది నేరమే అయితే, ఆజ్ఞ ఇచ్చినవాళ్లది. సోమర్‌విల్ వంతు బాధ్యత వేరే ఉంది. అంత సున్నితమైన రాయబారానికి తాను వెళ్లకుండా చిన్న హోదా వాడిని పంపడం, చర్చ మధ్యలో మందుపాతరలు వేయించడం. ఈ రెండూ పొరపాట్లే. రెండోది లండన్‌ను తృప్తిపరచడానికి చేసినదైనా సరే.

రెండో నింద అయిదు నెలలకే వచ్చింది. 1940 నవంబరు 27న ఇటలీ దీవి సార్డీనియాకు దక్షిణాన స్పార్తివెంతో అగ్రం దగ్గర ఇటాలియన్ దళం ఎదురైంది. సోమర్‌విల్ తూర్పుకు వెళ్లే ఓడల గుంపును కాపాడుకుంటూ వెళ్తున్నాడు. కాసేపు కాల్పులు జరిగాక ఇటాలియన్లు వెనుదిరిగారు. వాళ్ల ఓడలు వేగంగలవి, వాళ్ల తీరం దగ్గరలో ఉంది, విమానాలు ఎప్పుడైనా రావచ్చు. వెంటపడితే కాపాడాల్సిన గుంపు ఒంటరిదవుతుంది. ఆయన వెనక్కి తిరిగి తన పని చూసుకున్నాడు, గుంపు క్షేమంగా ముందుకు సాగింది. ఆయన రేవుకు తిరిగొచ్చి నివేదిక ఇచ్చే లోపే లండన్ విచారణ సంఘాన్ని వేసేసింది! లార్డ్ కార్క్ నేతృత్వంలోని ఆ సంఘం ఆయన చేసింది సరైనదేనని తేల్చింది. మధ్యధరా నౌకాదళాధిపతి, మిత్రుడు కన్నింగ్‌హామ్‌కు ఈ విచారణ వ్యవహారం ఎంత ఒళ్లు మండించిందంటే, ఏళ్ల తర్వాత కూడా దాన్ని మర్చిపోలేదు.

ఈ నింద గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, అది నిలవలేదు. ఆ తర్వాత మూడు నెలల్లోనే ఆయన జెనోవా నగరం దాకా చొచ్చుకుపోయి ఫిరంగులు పేల్చి తిరిగొచ్చాడు. 1941 మే 26న ఆయన దళంలోని విమానవాహక నౌక ఆర్క్ రాయల్ నుంచి ఎగిరిన పాత స్వోర్డ్‌ఫిష్ రెండు జతల రెక్కల విమానాలు జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ చుక్కానిని టార్పెడోతో బిగించేశాయి. అదే రోజు అంతకుముందు అవే విమానాలు పొరబడి తమ సొంత క్రూయిజర్ షెఫీల్డ్ మీదనే టార్పెడోలు వదిలాయి. అదృష్టం కొద్దీ అవి తగల్లేదు. పైగా ఆ టార్పెడోలను పేల్చే అయస్కాంతపు మీటలు పనికిరావని తేలింది. రెండోసారి మీటలు మార్చి వెళ్లారు. బిస్మార్క్ కథ చెప్పేవాళ్లు తరచూ వదిలేసే భాగం ఇది.

ఇక మూడోది, మన తీరానికి సంబంధించినది. 1941 డిసెంబరు 10న విమానాల అండ లేకుండా బయలుదేరిన ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ యుద్ధనౌకలను జపాన్ విమానాలు మలయా తీరంలో ముంచేశాయి. అడ్మిరల్ ఫిలిప్స్ ఓడతోపాటే పోయాడు. ఆ ఖాళీలోకి సోమర్‌విల్‌ను పంపారు. 1942 మార్చి చివర్లో ఆయన కొలంబో చేరేసరికి కాగితం మీద 'తూర్పు నౌకాదళం' ఘనంగానే ఉంది: అయిదు యుద్ధనౌకలు, మూడు విమానవాహక నౌకలు. కానీ యుద్ధనౌకల్లో నాలుగు మొదటి ప్రపంచ యుద్ధం నాటివి, ఆధునికం చేయనివి. అవి 20 నాట్ల వేగానికి ఆపసోపాలు పడేవి, తాగునీటి ట్యాంకులు నాలుగు రోజులకే అడుగంటేవి. వాటిని చర్చిలే తేలే శవపేటికలన్నాడు. మూడో విమానవాహక నౌక హెర్మిస్ చిన్నది, పాతది. మిగిలిన రెండింటి మీదా కలిపి వందకు లోపే విమానాలు. నగుమో నడిపిన జపాన్ దళంలో పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన అయిదు పెద్ద విమానవాహక నౌకలు, అంతకు దాదాపు మూడింతల విమానాలు, యుద్ధంలో ఆరితేరిన పైలట్లు. ఓడలన్నీ తొలిసారి ఒకచోట చేరినప్పుడు సోమర్‌విల్, పాత ఫిడేలు మీద కూడా మంచి రాగాలు పలికించవచ్చులే అన్న అర్థంలో అందరికీ సందేశం పంపాడు. నావికులు నవ్వుకునే ఉంటారు. ఆ ఫిడేలు సంగతి వాళ్లకూ తెలుసు.

ఏప్రిల్ 1 ప్రాంతంలో సింహళం మీద దాడి జరుగుతుందని సంకేత నిపుణులు ముందే పసిగట్టారు. సోమర్‌విల్ పథకం ఇది: పగలు శత్రు విమానాలకు అందనంత దూరంలో ఉండాలి, చీకటి పడగానే దగ్గరికొచ్చి రాడార్ ఉన్న ఆల్బకోర్ విమానాలతో దెబ్బ తీయాలి. జపాన్ ఓడల మీద అప్పటికి రాడార్ లేదు. వైర్‌లెస్ కుర్రాడిగా మొదలైనవాడి ఆలోచన ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. మూడు పగళ్లు, రెండు రాత్రులు సింహళానికి దక్షిణాన కాచుకున్నాడు. ఎవరూ రాలేదు. పాత ఓడల్లో నీళ్లు అయిపోవస్తున్నాయి. దాడి తప్పిపోయిందనుకుని, మాల్దీవుల దక్షిణపు కొసన రహస్యంగా ఏర్పరచుకున్న అడ్డూ దీవి స్థావరానికి బయలుదేరాడు. అది కొలంబోకు 600 మైళ్లు. అక్కడితో ఆగలేదు. క్రూయిజర్లలో డార్సెట్‌షైర్‌ను మరమ్మతు ముగించుకోమని, కార్న్‌వాల్‌ను మరో పని మీద కొలంబోకు, హెర్మిస్‌ను ట్రింకోమలీకి పంపేశాడు.

ఏప్రిల్ 4 సాయంత్రం కెనడా పైలట్ బర్చల్ కాటలీనా విమానంలో నుంచి జపాన్ దళాన్ని చూశాడు, కబురు పంపుతుండగానే కూల్చేశారు, బందీ అయ్యాడు. దాడి తప్పిపోలేదు, ఆలస్యమైంది. అప్పటికి సోమర్‌విల్ ఇంధనం పోయించుకుంటున్నాడు. 5న ఈస్టర్ ఆదివారం పూట కొలంబో మీద బాంబులు పడ్డాయి. దళాన్ని కలుసుకోవడానికి వస్తున్న డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ నిమిషాల్లో మునిగాయి. 424 మంది పోయారు, 1,122 మంది మర్నాటిదాకా నీళ్లలో తేలుతూ బతికారు. 9న ట్రింకోమలీ వంతు, ఆ పక్కనే విమానాలు కూడా లేకుండా దొరికిపోయిన హెర్మిస్ వంతు. ఈలోగా ఒజావా నడిపిన వేరే జపాన్ దళం ర్యూజో అనే చిన్న విమానవాహక నౌకతో బంగాళాఖాతంలోకి వచ్చింది. కలకత్తా నుంచి రక్షణ లేకుండా చెదరగొట్టి పంపిన సరుకు ఓడలను 20కి పైగా ముంచింది. విశాఖ, కాకినాడల మీదికి విమానాలు లేచింది ఈ దళం నుంచే.

జనంలో మిగిలిపోయిన మాట, సోమర్‌విల్ భయపడి దూరం జరిగాడని. అసలు జరిగింది దానికి తలకిందులు. 5వ తేదీ పగలంతా ఆయన వేగంగల ఓడలతో నగుమో వైపే వస్తున్నాడు. సాయంత్రం ఆయన విమానాలు జపాన్ దళాన్ని చూశాయి కూడా. ఒకటి కూలింది, రెండోది దెబ్బతింది. శత్రువు ఎటు పోతున్నాడన్న కబురు తికమకగా అందింది. ఆయన తప్పు దిక్కుకు మళ్లాడు, రాత్రంతా వెతికినా దొరకలేదు. అప్పుడు ఇద్దరి మధ్య దూరం కొన్ని గంటల ప్రయాణమే. జపాన్ విమానాలు ఇంకొంచెం దక్షిణానికో పడమరకో వెతికి ఉంటే ఫిలిప్స్‌కు పట్టిన గతే సోమర్‌విల్‌కూ పట్టేది. అడ్డూ స్థావరం ఉన్నట్టే జపాన్‌కు తెలియకపోవడం ఆయన అదృష్టం. కాబట్టి ఆయన మీద సరైన ఆరోపణ పారిపోవడం కాదు. ముందుగా ఓడలను చెల్లాచెదురు చేయడం ఒకటి, ఆ తర్వాత ఉన్న కొద్దిపాటి బలంతో పెద్ద జూదానికి దిగడం ఇంకొకటి. 6వ తేదీ తర్వాతే ఆయన నిజంగా వెనక్కి తగ్గాడు. నిదానపు ఓడలను ఆఫ్రికా తీరంలోని కిలిండినికి పంపి, మిగిలినవాటితో బొంబాయి వెళ్లాడు. అడ్మిరల్టీ కూడా దానికి ఒప్పుకుంది.

మరి మన తీరం? దాన్ని వదిలేయడం నిజమే. అయితే ఆ నిర్ణయం ఏప్రిల్‌లో సోమర్‌విల్ ఓడ మీద జరిగింది కాదు. అంతకు చాలా ముందు, విమానాలు ఎక్కడికి పంపాలో, ఓడలు ఎక్కడ ఉంచాలో లండన్‌లో తేల్చినప్పుడే జరిగిపోయింది. జర్మనీలో ఒక్కో ఊరి మీదికి రెండు వందల బాంబర్లు పంపుతున్నారు, ఇక్కడ కలకత్తానూ సింహళాన్నీ ఇంత పెద్ద సముద్రాన్నీ కాపాడటానికి నా దగ్గర ఇరవై కూడా లేవని భారత సర్వసేనాని వేవెల్ చేసిన ఫిర్యాదు ఆ రోజులదే. వలస దేశపు తీరం ఆ లెక్కల్లో ఎప్పుడూ చివరి వరసే. సోమర్‌విల్ బంగాళాఖాతంలోకి వచ్చి తన ఓడలను బలిచ్చినా విశాఖకు ఒరిగేదేమీ లేదు. జపాన్ పెద్ద దళం ఆ తర్వాత ఈ వైపు రాకపోవడానికి కారణం కూడా ఆయన కాదు. సింహళం మీదికి వచ్చిన అయిదు విమానవాహక నౌకల్లో మూడు జూన్‌లో మిడ్‌వే దగ్గర అమెరికన్ల చేతిలో పోయాయి.

తర్వాతి ఏడాదిన్నర ఆయనకు ఎదురుచూపులే. ఒక్కో మంచి ఓడనూ మధ్యధరాకు లాక్కుపోయారు. 1944లో మళ్లీ బలం వచ్చింది. ఏప్రిల్‌లో అమెరికా విమానవాహక నౌక సారాటోగా తోడుగా సుమత్రా కొసనున్న సబాంగ్ మీద, మేలో జావాలోని సురబాయ మీద, జులైలో మళ్లీ సబాంగ్ మీద దాడులు చేయించాడు. ఆ దళంలో ఒక ఫ్రెంచి యుద్ధనౌక ఉంది, పేరు రిషెల్యూ. మెర్సెల్‌కెబీర్ జరిగిన అయిదు రోజులకే పశ్చిమ ఆఫ్రికాలోని డకార్ రేవులో దాన్ని టార్పెడోతో గాయపరిచినవి హెర్మిస్ మీది విమానాలే. ఇప్పుడు హెర్మిస్ సింహళం పక్కన సముద్రం అడుగున ఉంది, రిషెల్యూ సోమర్‌విల్ ఆజ్ఞలు పాటిస్తూ జపాన్ వాళ్ల మీద కాలుస్తోంది. కలిసి పనిచేయడానికి ఫ్రెంచి అధికారులూ ఆయనా ఇద్దరూ ఎంత దిగమింగుకున్నారో ఊహించుకోవాల్సిందే.

ఈసారి చిక్కు శత్రువుతో కాదు. 1943 చివర్లో ఆగ్నేయాసియా సర్వసేనాధిపతిగా మౌంట్‌బాటెన్ వచ్చాడు. ఆయన సోమర్‌విల్ కంటే 18 ఏళ్లు చిన్న. నౌకాదళంలో అసలు హోదా కెప్టెన్, తాత్కాలికంగా అడ్మిరల్. తూర్పు నౌకాదళం పూర్తిగా తన కింద ఉందని మౌంట్‌బాటెన్ వాదన. సైన్యంతో కలిసి చేసే దాడుల వరకే మీ అధికారం, సముద్రం మీద నాకు పై అధికారి అడ్మిరల్టీయేనని సోమర్‌విల్ వాదన. లండన్ ఇచ్చిన ఉత్తర్వులే రెండు అర్థాలకూ చోటిచ్చేలా ఉన్నాయి. అందుకే ఇదంతా సోమర్‌విల్ అహంకారమని కొట్టిపారేయడానికి లేదు. అయితే మనిషిగా మౌంట్‌బాటెన్ ఆర్భాటం ఆయనకు సరిపడలేదన్నదీ నిజం. 1944 ఆగస్టులో అడ్మిరల్ ఫ్రేజర్‌కు బాధ్యత అప్పగించి కదలాల్సి వచ్చింది.

అప్పటికి కన్నింగ్‌హామ్ నౌకాదళానికే అధిపతి. మిత్రుడిని ఇంట్లో కూర్చోబెట్టకుండా వాషింగ్టన్‌లో బ్రిటిష్ నౌకా ప్రతినిధి బృందానికి నాయకుడిగా పంపాడు. అక్కడ ఎదురుగా ఉన్నది అమెరికా నౌకాదళాధిపతి ఎర్నెస్ట్ కింగ్. బ్రిటిష్‌వాళ్లంటే పడదు, నోరు దురుసు, నవ్వు అరుదు. సుతిమెత్తగా మాట్లాడిన దౌత్యవేత్తలు ఆయన ముందు చతికిలబడ్డారు. సోమర్‌విల్ మోటు హాస్యంతో, మాటకు మాటతో నెగ్గుకొచ్చాడు. 1945 మే 8న నౌకాదళంలో అత్యున్నతమైన అడ్మిరల్ ఆఫ్ ద ఫ్లీట్ హోదా అందుకున్నాడు. ఆ ఏడాది చివర్లో ఇంటికి తిరిగొచ్చి, మరుసటి ఏడు సోమర్‌సెట్ జిల్లాకు రాజప్రతినిధిగా నియమితుడై, 1949 మార్చి 19న డిండర్‌లోని తమ పాత ఇంట్లో చనిపోయాడు. వయసు 66.